గుళ్లు దాటి చూస్తే నంద్యాల జిల్లా

పాత కర్నూలు జిల్లా నుంచి విడివడి 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన నంద్యాల జిల్లా అనగానే ఎవరికైనా శ్రీశైలం, మహానంది, అహోబిలం గుర్తుకు వస్తాయి. వచ్చే యాత్రికులలో అత్యధికులు దర్శనం ముగియగానే తిరుగు ప్రయాణం కట్టేస్తారు. తూర్పున నల్లమల అడవి, పడమట ఎర్రమల కొండలు, నడుమ కుందూ నది పారే మైదానం గల ఈ జిల్లాలో ఆలయాలకు దీటైన విశేషాలు నేల అడుగున, గుట్టల చాటున ఉన్నాయన్న సంగతి జిల్లావాసులలోనూ చాలామందికి తెలియదు.

ఈ విశేషాలకు మూలం ఇక్కడి సున్నపురాయి. ఇళ్లలో నేలకు పరిచే బేతంచెర్ల బండలు ఈ రాతి పొరల నుంచి తీసినవే. వాన నీరు గాలిలోని, మట్టిలోని బొగ్గుపులుసు వాయువును కలుపుకొని స్వల్పంగా ఆమ్లగుణం పొంది, రాతి పగుళ్లలోకి దిగి, వేల లక్షల ఏళ్లపాటు సున్నాన్ని కరిగించుకుంటూ పోవడం వల్ల భూమి లోపల సొరంగాలు ఏర్పడతాయి. ఆ కరిగిన సున్నమే పైకప్పు నుంచి బొట్టుబొట్టుగా జారి గట్టిపడితే ఊడల్లా వేలాడే రూపాలు తయారవుతాయి. కొలిమిగుండ్ల మండలంలోని బెలూం గుహలు ఈ ప్రక్రియకు పెద్ద ఉదాహరణ. 1982–83లో జర్మన్ గుహాన్వేషకుడు డేనియల్ గెబాయర్ బృందం సర్వే చేసిన ఈ గుహల పొడవు 3,229 మీటర్లు కాగా, అందులో సుమారు కిలోమీటరున్నర మేర సందర్శకులు నడవవచ్చు. 2002లో ద్వారాలు తెరిచాక బెలూంకు తగిన పేరే వచ్చింది.

ఆ పేరులో కొంతైనా దక్కవలసినది బేతంచెర్లకు సమీపంలోని బిల్వస్వర్గం గుహలకు. కొన్నిచోట్ల పైకప్పు కూలిపోవడంతో ఆకాశం కనిపించే ఎత్తైన రాతి తోరణాలు, వాటి పక్కన చీకటి గదులు ఉన్న ఈ చోటును భారతదేశపు ప్రాచీన శిలాయుగ పరిశోధనకు ఆద్యుడైన రాబర్ట్ బ్రూస్ ఫుట్ 1884లో పరిశీలించాడు. ఆయన కుమారుడు సాగించిన తవ్వకాలలో జంతువుల ఎముకలు విస్తారంగా బయటపడ్డాయి. వాటిని పరిశీలించిన శాస్త్రవేత్త లిడెక్కర్, అందులోని ఒక ఖడ్గమృగానికి కర్నూలు పేరు కలిసివచ్చేలా ‘రైనోసెరస్ కర్నూలియెన్సిస్’ అని నామకరణం చేశాడు. నేడు మేకలు మేసే ఈ గుట్టల్లో ఒకప్పుడు ఖడ్గమృగం తిరిగిందంటే నమ్మడం కష్టమే. అద్దాల పెట్టెలో ఎముకను చూడడం కన్నా అది దొరికిన గుహలో నిలబడడం విలువైన అనుభవం కనుక, చరిత్రపై ఆసక్తి గలవారు బెలూంకన్నా ముందు ఇక్కడికే రావడం మేలు.

బనగానపల్లె ప్రాంతంలోని జ్వాలాపురం మరీ విచిత్రమైనది, ఎందుకంటే అక్కడ కంటికి కనిపించేది తెల్లని బూడిద పొర మాత్రమే. సుమారు 74,000 ఏళ్ల క్రితం సుమత్రా దీవిలోని టోబా అగ్నిపర్వతం బద్దలైనప్పుడు ఎగసిన ధూళి బంగాళాఖాతం దాటి వచ్చి ఇక్కడి జుర్రేరు లోయలో పేరుకుంది. ఆ పొరకు కిందా, పైనా కూడా మానవులు చేసిన రాతి పనిముట్లు దొరికాయని 2007లో వెలువడిన పరిశోధన తెలిపింది. అంతటి ఉత్పాతానికి ముందు, తరువాత కూడా ఈ లోయలో మనుషులు బతికారని దీని అర్థం. సమీపంలోని యాగంటి ఆలయానికి వెళ్లే భక్తులలో ఎందరికి ఈ సంగతి తెలుసు?

పక్షుల కోసం వచ్చేవారికి 1988లో అభయారణ్యంగా ప్రకటించిన రోళ్లపాడు గడ్డిమైదానం ఉంది. మీటరు ఎత్తు పెరిగే బట్టమేక పిట్ట కోసమే దీనిని ఏర్పాటు చేసినా, చుట్టుపక్కల సాగు తీరు మారి మెట్ట నేలలు తగ్గడంతో ఆ పక్షి కనిపించడం అత్యంత అరుదైపోయింది. అయినా కృష్ణజింకల కోసం, శీతకాలంలో వచ్చే వలస గద్దల కోసం తెల్లవారుజామునే చేరుకుంటే నిరాశ ఉండదు. సంగమేశ్వరానికి మాత్రం వేళ కలిసి రావాలి: శ్రీశైలం జలాశయంలో ఏటా మునిగే ఆ ఆలయం నీటిమట్టం తగ్గే వేసవిలోనే బయటపడుతుంది.

నడవగలిగిన వారికి నల్లమలలోని పాత కాలిబాట అన్నిటికన్నా గొప్పది. వెంకటాపురం నుంచి నాగలూటి, పెచ్చెరువు, భీముని కొలను మీదుగా శ్రీశైలం చేరే ఈ దారిలో కన్నడ భక్తులు ఉగాదికి ముందు వేలాదిగా నడిచి వస్తారు. ఇది పులుల అభయారణ్యం గుండా సాగే దారి కనుక, ఉత్సవ దినాలు కాని వేళల్లో వెళ్లదలచినవారు ముందుగా ఆత్మకూరులో అటవీ శాఖ అధికారులను సంప్రదించి, అనుమతి దొరికితేనే, దారి తెలిసిన మార్గదర్శితో, తగినంత నీటితో బయలుదేరాలి.