కొమ్మల మంటతో చల్లబడే తోట

లండన్ క్యూ గార్డెన్స్‌లో 1848లో పూర్తయిన పామ్ హౌస్ అద్దాల తోటల్లో బాగా పేరున్నది. తాటి జాతి చెట్లు ఆ చలిలో బతకడానికి నేల కింద బాయిలర్లలో బొగ్గు మండించేవారు. పొగ మాత్రం సొరంగం గుండా వెళ్లి, దూరాన గంటస్తంభంలా కట్టిన గోపురంలోంచి బయటపడేది.

సింగపూర్‌లో సమస్య తలకిందులు. భూమధ్యరేఖ పక్కన, ఏడాదంతా ఉక్కపోసే ఊళ్లో ఆలివ్ చెట్టు బతకాలంటే అద్దాల ఇంటిని చల్లబరచాలి. 2012లో తెరిచిన గార్డెన్స్ బై ద బేలో ఇలాంటివి రెండున్నాయి. ఫ్లవర్ డోమ్ ఒక్కటే 1.2 హెక్టార్లు, అంటే దాదాపు మూడెకరాలు. ఎత్తు 38 మీటర్లు. దాని అద్దాలకున్న పూత వెలుతురును చాలావరకు రానిచ్చి, వేడిని అడ్డుకుంటుంది. ఎండ ముదిరితే తెరలు వాటంతటవే పరుచుకుంటాయి. గోపురం మొత్తాన్ని చల్లబరచాలని కూడా చూడరు. మొక్కలూ మనుషులూ ఉండే కింది భాగం చల్లబడితే చాలు. అందుకు నేలలో చల్లని నీటి గొట్టాలు వేశారు. పైకి చేరిన వేడిగాలిని పైనుంచే పంపేస్తారు.

అసలు చిక్కు తేమతో. హైదరాబాద్ ఎండల్లో హాయినిచ్చే కూలర్ విశాఖలో చేతులెత్తేస్తుంది, గాలిలో అప్పటికే తేమ నిండి ఉంటుంది కనుక. ఏసీ అయితే గాలిని బాగా చల్లబరచి ఆ తేమను నీరుగా కార్చేస్తుంది. దానికి కరెంటు బోలెడు కావాలి. సింగపూర్ తోటలో ఆ తేమను ముందే ఒక ద్రావణం పీల్చుకుంటుంది. అది మళ్లీ పనికి రావాలంటే కాచి, పీల్చిన నీటిని వదిలించాలి.

ఆ వేడి ఊళ్లోని చెట్ల నుంచే వస్తుంది. వీధుల్లో, పార్కుల్లో కత్తిరించిన కొమ్మలను ముక్కలు చేసి బాయిలర్‌లో కాలుస్తారు. ఆవిరి టర్బైన్‌ను తిప్పి కరెంటు ఇస్తుంది. మిగిలిన వేడిలో కొంత ద్రావణాన్ని కాస్తే, కొంత నీటిని చల్లబరిచే యంత్రాలను నడుపుతుంది. బూడిద ఎరువుగా తోటకే చేరుతుంది.

అందరూ ఫొటోలు తీసుకునే 18 సూపర్‌ట్రీల్లో, అంటే చెట్ల ఆకారంలో కట్టిన ఎత్తైన కట్టడాల్లో, కొన్నింటిపై సౌరఫలకాలున్నాయి. పేరంతా వాటికే వచ్చింది కానీ, నా లెక్కలో ఘనత ఈ కొమ్మల పొయ్యిదే. దాని పొగగొట్టం కూడా ఒక సూపర్‌ట్రీలోనే దాగి ఉంది.

మామూలు పద్ధతులతో పోలిస్తే సుమారు 30 శాతం శక్తి ఆదా అంటారు. అయినా వేడి దేశంలో చలి తోట పెంచడం ఖర్చే. నాకు నచ్చింది తేమను వేరుగా తీసే ఆ ఉపాయం. తీరప్రాంతపు ఆస్పత్రులకూ ఆఫీసులకూ అది పనికొస్తుంది. పక్కనే వృథాగా వేడి వదిలే ఫ్యాక్టరీ ఉంటే పని ఇంకా సులువు.