సార్జెంటు అరుపు... సైనికుడి పాట!

తుపాకీ, బూట్లు, నీళ్లసీసా, దుప్పటి... సైనికుడి సామాన్ల జాబితాలో ఎక్కడా రాయని వస్తువు ఒకటుంది. అదే పాట! కాకపోతే పాట కన్నా ముందు వినిపించేది సార్జెంటు గారి కేక!

కాలేజీలో ఎన్‌సీసీ చేసినవాళ్లని ఓసారి కదిపి చూడండి. పుస్తకాల్లో చదివింది మర్చిపోయి ఉండొచ్చుగానీ, పొద్దున్నే మైదానంలో హవల్దారు పెట్టిన కేక మాత్రం ఇప్పటికీ చెవుల్లో మోగుతూనే ఉంటుంది. ‘సావధాన్’ అనగానే నిటారుగా నిలబడటం తేలికే. చిక్కల్లా ‘బాయే ముడ్’ దగ్గరే. వరసంతా ఎడమకి తిరిగితే ఒక్కడు మాత్రం కుడికి తిరిగి పక్కవాడి ముక్కుకి ముక్కు ఆనించి నిలబడతాడు. ఇంకేముంది, ఉస్తాద్ గారి నోటికి పనే పని!

ఇంతలా హడలెత్తించే ఆ పదవి పేరుకి అసలు అర్థం తెలిస్తే నవ్వొస్తుంది. ‘సార్జెంట్’ అన్న మాట లాటిన్ నుంచి ఫ్రెంచి మీదుగా వచ్చింది. మూలంలో దానర్థం... సేవకుడు! మన సైన్యంలో సార్జెంటుకి సమానమైన హోదా హవల్దార్. చేతిమీద మూడు పట్టీలే గుర్తు. అప్పగించిన బాధ్యతని మోసేవాడన్నది ఆ మాటకి అర్థం. మనకి బాగా తెలిసిన ‘హవాలా’ కూడా దానికి చుట్టమే.

గడ్డి కాలు... ఏ కాలు?

కుడిఎడమల గొడవ ఈనాటిది కాదు. అమెరికా అంతర్యుద్ధం(1861-65) రోజుల్లో పల్లెల నుంచి వచ్చిన కుర్రాళ్లలో కొందరికి ఏది ఎడమకాలో, ఏది కుడికాలో తెలిసేది కాదట. పశువులకి వేసే ఎండుపచ్చిక ఏదో, గింజ రాల్చిన గోధుమగడ్డి ఏదో మాత్రం నిద్రలో లేపి అడిగినా చెప్పేవారు. దాంతో ఎడమకాలికి పచ్చికా కుడికాలికి గోధుమగడ్డీ కట్టి, ఆ పేర్లే పిలుస్తూ కవాతు చేయించేవారని చెబుతారు.

అంతకు ముందు, 1778లో వ్యాలీ ఫోర్జ్ శిబిరంలో జార్జి వాషింగ్టన్ సేనకి కవాతు నేర్పిన బారన్ వాన్ స్టాయిబెన్‌ది ఇంకో కథ. ఆయన ప్రష్యా దేశస్థుడు. ఇంగ్లిషు అంతంతమాత్రం. కోపమొస్తే జర్మన్‌లో, ఫ్రెంచిలో తిట్టేవాడు. ఆ తిట్లు ఎదుటివాళ్లకి అర్థం కాకపోతే ఏం లాభం? అందుకే ‘నా తరఫున నువ్వు ఇంగ్లిషులో తిట్టు’ అని సహాయకుణ్ని పురమాయించేవాడు. తిట్లకి కూడా దుబాసీ అన్నమాట! అయితేనేం, ఆయన నేర్పిన కవాతే ఆ సేనకి ఓ క్రమశిక్షణ తెచ్చిపెట్టింది.

నిద్ర కోసం నాటకం

సార్జెంట్లలో పాటగాళ్లూ ఉన్నారు. పేరున్న పాటల రచయిత ఇర్వింగ్ బెర్లిన్‌ని 1918లో సైన్యంలోకి తీసుకుని న్యూయార్క్ దగ్గరి క్యాంప్ అప్టన్‌కి పంపారు. రాత్రంతా మేలుకుని పాటలు కట్టి, పొద్దెక్కాక లేవడం ఆయన అలవాటు. అక్కడేమో తెల్లవారకముందే బ్యూగిల్! ఆ బాధలోంచే ఓ పాట పుట్టింది. ఎప్పటికైనా ఆ బ్యూగిల్ ఊదేవాడి పని పడతానన్నది దాని సారాంశం. నిద్రలేవడానికి ఏడ్చే సైనికులంతా అది తమ పాటే అనుకున్నారు.

శిబిరానికి నిధుల కోసం సైనికులతోనే ఓ సంగీత నాటకం వేయిస్తానన్నాడు సార్జెంట్ బెర్లిన్. రాత్రిళ్లు రాయాలి కాబట్టి పొద్దున్నే లేవకుండా మినహాయింపు కావాలన్నాడు, సాధించాడు. ఆ నాటకం బ్రాడ్‌వేలో ఆడింది. చివరి ప్రదర్శన రోజున నటులైన ఆ సైనికులంతా పాడుకుంటూ వేదిక దిగి, ప్రేక్షకుల మధ్యనుంచి కవాతు చేసుకుంటూ వెళ్లిపోయారు. అప్పటికి మొదటి ప్రపంచయుద్ధం ఇంకా ముగియలేదు.

సార్జెంటు పాడితే దళమంతా వంత పలకడం కూడా అమెరికా సైన్యంలో మామూలే. దీనికి ఊపు తెచ్చింది విల్లీ డక్‌వర్త్ అనే నల్లజాతి సైనికుడు. 1944 మే నెలలో సుదూర కవాతు చేసి, అలసిపోయి ఫోర్ట్ స్లోకమ్‌కి తిరిగొస్తున్న తోటివారిని హుషారు చేయడానికి అతనో పాట అందుకున్నాడు. అడుగులు వాటంతటవే కుదిరాయి. ఈ తరహా పాటల్లో ‘జోడీ’ అనే పాత్ర తరచూ వస్తుంది. సైనికుడు ఊళ్లో లేని సమయం చూసి అతని ప్రియురాలిని తన్నుకుపోయే ఘనుడు! వరినాట్లు వేసే కూలీల పాటా, బుర్రకథలో ‘తందాన తాన’ తెలిసిన మనకి ఈ కిటుకు కొత్తేం కాదు. ఒకరు అందుకుంటే పదిమంది కలిస్తే... పని బరువు తగ్గుతుంది.

ఒకటే పాట... రెండు సైన్యాలు

చిత్రమేంటంటే, సైనికులు మనసారా పాడుకున్న పాటల్లో చాలావాటిలో యుద్ధమే ఉండదు. మొదటి ప్రపంచయుద్ధంలో బ్రిటిష్ సైనికుల నోట మారుమోగిన ‘టిప్పరరీ’ పాట 1912లోనే వచ్చింది. ఒక్కరోజులో పాట కట్టగలవా అంటూ కాసిన అయిదు షిల్లింగుల పందెంలో గెలిచేందుకు జాక్ జడ్జ్ పాడిన పాటది. లండన్‌లో ఉన్న ఓ ఐర్లండు కుర్రాడికి సొంతూరి మీదా ప్రియురాలి మీదా బెంగ... అదే విషయం. 1914 ఆగస్టులో కనాట్ రేంజర్స్ దళం ఫ్రాన్స్‌లోని బూలోన్ వీధుల్లో దాన్ని పాడుతూ నడిచింది. వాళ్లలో ఎందరో మళ్లీ ఇల్లు చూడలేదు.

‘లిలీ మర్లీన్’ది మరీ విచిత్రం. 1915లో హాన్స్ లైప్ అనే జర్మన్ సైనికుడు రాసుకున్న కవిత అది. 1939లో లాలె ఆండర్సన్ గొంతుతో రికార్డుగా వస్తే పెద్దగా ఎవరూ కొనలేదు. 1941లో జర్మన్లు బెల్‌గ్రేడ్ రేడియోని చేజిక్కించుకుని, చేతికందిన కొద్దిపాటి రికార్డుల్లో దీన్నీ వేశారు. రోజూ రాత్రి పదింటికి కాస్త ముందు అది మోగేది. ఉత్తరాఫ్రికా ఎడారిలో జర్మన్ సైనికులతోపాటు ఎదుటిపక్షం బ్రిటిష్ సైనికులూ రేడియోలకి చెవులప్పగించేవారు. దీపస్తంభం కింద ఎదురుచూసే అమ్మాయి ఇద్దరికీ కావాల్సిందే మరి! నాజీ ప్రచారమంత్రి గోబెల్స్‌కి ఆ పాట గిట్టలేదు. అటు బ్రిటిష్‌వారికేమో, తమవాళ్లు శత్రువు భాషలో పాడటం నచ్చలేదు. 1944లో ఇంగ్లిషులోనూ రాయించారు. పాట మాత్రం ఎవరి మాటా వినలేదు!

లెక్కలు రాసే హవల్దారు

అరుపులూ పాటలూ సరే, ఆ మూడు పట్టీల బరువెంతో తెలియాలంటే 1965కి వెళ్లాలి. అబ్దుల్ హమీద్ కంపెనీ క్వార్టర్‌మాస్టర్ హవల్దార్. తోటివారికి కావాల్సిన సామాన్లు సమకూర్చి, వాటి లెక్క చూసుకోవడం ఆ హోదా పని. పంజాబ్‌లోని ఖేమ్‌కరణ్ దగ్గర పాకిస్థాన్ ప్యాటన్ ట్యాంకులు దూసుకొచ్చినప్పుడు మాత్రం, జీపు మీద బిగించిన ఫిరంగితో వాటికి ఎదురెళ్లాడు. ఒకదాని తర్వాత ఒకటిగా ట్యాంకుల్ని కూల్చి, ఆ పోరులోనే ప్రాణాలొదిలాడు. మరణానంతరం పరమవీరచక్ర లభించింది.

తిరిగిరాని అలాంటివాళ్ల కోసమూ మనకో పాట ఉంది. 1962 యుద్ధంలో నేలకొరిగినవారిని తలచుకుంటూ ప్రదీప్ రాసిన ‘ఏ మేరే వతన్ కే లోగో’ని 1963 జనవరి 27న ఢిల్లీలో లతామంగేష్కర్ పాడుతుంటే ప్రధాని నెహ్రూ కళ్లు చెమర్చాయి. 2022లో బీటింగ్ రిట్రీట్ వేడుకలో ‘అబైడ్ విత్ మి’ స్థానంలో సైనిక బ్యాండు ఈ బాణీనే వాయించింది.

మైదానంలో హవల్దారు కేకకి పిట్టలు ఎగిరిపోవచ్చు. కానీ ఎడమా కుడీ తెలియని కుర్రాళ్లని ఒక్క అడుగుగా నడిపించేది ఆ కేకే. ఆ అడుగులో అడుగేస్తూ ఇంటిని గుర్తు తెచ్చేది పాట. సైనికుడికి రెండూ కావాలి!