సైలెన్సర్ బాగయింది – ఇంజను చెడిందా?

పాత కారును ఇంట్లో పెట్టుకున్నవారికి ఒక అనుభవం తప్పదు. సైలెన్సరుకు చిల్లి పడుతుంది. కారు ట్రాక్టరులా మోత పెడుతుంది. షెడ్డుకు తీసుకెళితే అతుకు వేసో, గొట్టం మార్చో పంపిస్తారు. మోత పోతుంది. కాని మర్నాటినుంచి ఇంజను మొరాయించడం మొదలుపెడుతుంది. కూడలిలో ఆగితే వణుకుతుంది, మెట్ట ఎక్కమంటే ఆయాసపడుతుంది, యాక్సిలరేటరు మీదినుంచి కాలు తీస్తే వెనక టపటపమని పేలుతుంది. చుట్టూ చేరిన నలుగురూ నాలుగు మాటలంటారు. ఒకాయన కార్బరేటర్ అరిగిందంటాడు, మరొకాయన రింగులు పోయాయంటాడు, ఇంకొకాయన ఏకంగా బోరు చేయించమంటాడు. గోటితో పోయేదానికి గొడ్డలి ఎత్తడమంటే ఇదే.

మన పెద్దలు కాకతాళీయం అన్నారు. కాకి వాలింది, తాటిపండు రాలింది. అంతమాత్రాన కాకి బరువుకే పండు రాలిందని చెప్పలేం. అలాగే రిపేరు తర్వాత వచ్చిన ప్రతి జబ్బూ రిపేరు వల్లనే వచ్చిందనడానికి వీల్లేదు. అయినా వెతుకులాటను మాత్రం రిపేరులో చెయ్యి పడ్డ చోటనుంచే మొదలుపెట్టాలి. నిన్నటిదాకా నడిచిన కార్బరేటర్ ఒక్క రాత్రిలో అరిగిపోదు. రింగులు ఒక్క పూటలో పోవు. నిన్న మారినదేదో దాన్నే ముందుగా అనుమానించాలి. ఇంజన్ల పాఠం చెప్పుకునేవాణ్ణి కనుక, పైగా నా దగ్గర ఒక పాత అంబాసిడర్ ఉంది కనుక, ఈ సంగతి కాస్త వివరంగా చెప్పదలచుకున్నాను.

ముందు పొగగొట్టం చేసే పనేమిటో చూద్దాం. నిమిషానికి 3000 చుట్లు తిరిగే నాలుగు స్ట్రోకుల ఇంజనులో ఒక్కొక్క సిలిండరు నిమిషానికి 1500 సార్లు, అంటే సెకనుకు 25 సార్లు పొగను బయటికి నెడుతుంది. నాలుగు సిలిండర్లూ కలిపితే సెకనుకు వంద నెట్టుళ్లు. కాబట్టి పొగ కుళాయి నీటిలా ఒకే ధారగా పోదు, అలలుగా పోతుంది. ప్రతి అల వెనకా ఒక్క క్షణంపాటు గొట్టంలో పీడనం బయటి గాలికంటే తగ్గుతుంది. అందుచేత అతుకు దగ్గర సన్నని సందున్నా చాలు, పొగ బయటికి పోవడమే కాదు, బయటి గాలి లోపలికి కూడా వస్తుంది. ఈ రెండో సంగతి చాలామందికి తోచదు.

ఆ టపటపలకు మూలం ఇక్కడే ఉంది. వేగంగా పోతూ కాలు తీసినప్పుడు థ్రాటిల్ మూసుకుంటుంది. సిలిండర్లలో మిశ్రమం సరిగా మండదు. మండని పెట్రోలు ఆవిరి గొట్టంలోకి వస్తుంది. అక్కడ సందుగుండా వచ్చిన గాలి దానికి తోడైతే, ఆ వేడికి గొట్టంలోనే అంటుకుంటుంది. ఇలాంటి పేలుడు వినగానే కార్బరేటర్ విప్పనక్కర్లేదు. అతుకుల దగ్గర నల్లని మసి చార ఉందేమో చూస్తే సగం పని అయినట్టే. తెల్లవారి చల్లని ఇంజను స్టార్ట్ చేసి, మందపాటి గుడ్డ మడతతో గొట్టం చివరను రెండు మూడు సెకన్లు మూసిపట్టండి. అంతా బిగువుగా ఉంటే గుడ్డను గట్టిగా నెడుతుంది. సందుంటే అక్కడ బుస్సుమంటుంది. చల్లగా ఉన్నప్పుడు టిక్కుటిక్కుమని, వేడెక్కాక తగ్గిపోయే చప్పుడు మానిఫోల్డు దగ్గరి సందుకు గుర్తు. ఇనుము వ్యాకోచించి సందును కప్పేస్తుంది.

దీనికి సరిగ్గా వ్యతిరేకమైన జబ్బు గొట్టం పూడుకుపోవడం. పాత సైలెన్సరు లోపలి రేకులు తుప్పుపట్టి ఊగుతుంటాయి. వెల్డింగుకోసం సుత్తితో నాలుగు దెబ్బలు వేస్తే ఊడి అడ్డం పడతాయి. అలాంటప్పుడు ఇంజను నిలబడి ఉన్నంతసేపూ బుద్ధిగానే తిరుగుతుంది, రోడ్డెక్కి లాగమంటే మాత్రం లాగదు. దీన్ని పట్టడానికి వాక్యూమ్ గేజి చాలు. ఇన్‌లెట్ మానిఫోల్డుకు తగిలిస్తే, ఆరోగ్యంగా ఉన్న ఇంజను స్లోలో 17 నుంచి 21 అంగుళాల పాదరసం చూపుతుంది. వేగం 2500 చుట్లకు పెంచి అక్కడే నిలపండి. ముల్లు నిలకడగా ఉంటే దారి బాగున్నట్టే. మెల్లమెల్లగా దిగజారుతూ పోతే దారి మూసుకుందన్నమాట.

ఉదయం గొట్టంనుంచి నీళ్లు కారుతున్నాయని కంగారుపడేవారూ ఉన్నారు. ఒక లీటరు పెట్రోలు మండితే రమారమి ఒక లీటరు నీరు పుడుతుంది. గొట్టం చల్లగా ఉన్నంతసేపు అది బొట్లుగా కారుతుంది. కూరగాయల బజారుదాకా వెళ్లి వచ్చే కార్లలో ఆ నీరు ఆవిరి కాక సైలెన్సరులోనే నిలిచి, లోపలినుంచి తుప్పు పట్టిస్తుంది. చిల్లి పడడానికి ముఖ్య కారణాల్లో ఇదొకటి.

ఇక మా అంబాసిడర్ కథ. 1489 సి.సి. పెట్రోలు ఇంజను. ఈ కార్ల తయారీ 2014లో ఆగిపోయింది కాబట్టి విడిభాగాలకు పాత సామాను బజారే దిక్కు. ఎగ్జాస్ట్ మానిఫోల్డు పగిలితే, ఒక షెడ్డులో వేరే కారునుంచి తీసినదాన్ని బిగించారు. ఆ మర్నాడే స్లోలో వణుకు, పరుగులో టపటపలు మొదలైనాయి. రింగులు మార్చాల్సిందేనని షెడ్డువారి తీర్పు. అదీగాక, వెనక సీట్లో కూర్చున్న మా అమ్మకు తలనొప్పి. ఎండ వల్లనేమో, వయసు వల్లనేమో అని ఇంట్లో అందరూ అన్నారు. అమ్మ మాత్రం, "కిటికీ తీసి కూర్చుంటే బాగానే ఉంటోందిరా, మూస్తేనే వస్తోంది" అంది. ఇంతమంది చెప్పినవాటిలో పరీక్షకు నిలబడగల మాట అదొక్కటే.

కారును కాలేజీ వర్కుషాపులోకి తెచ్చి మూడో సంవత్సరం విద్యార్థులు నలుగురితో కలిసి చూశాం. మొదట కంప్రెషన్ కొలిచాం. నాలుగు సిలిండర్లూ దాదాపు సమానం. రింగుల మాట అక్కడితో సరి. తర్వాత స్లోలో నడుస్తుండగా ప్లగ్గు వైర్లను రబ్బరు తొడుగున్న పటకారుతో ఒక్కొక్కటే తీసి పెట్టాం. 1 తీస్తే వేగం పడిపోయింది. 2 తీసినా అంతే. 3 తీస్తే మార్పు లేదు, 4 తీసినా లేదు. అంటే ఆ రెండూ స్లోలో పనిచేయడంలేదు. వేగం పెంచితే మాత్రం నాలుగూ పలుకుతున్నాయి. ప్లగ్గులు విప్పితే మొదటి రెండూ ఇటుకరంగు, చివరి రెండూ తెల్లగా ఉన్నాయి. తెలుపంటే పెట్రోలు చాలక గాలి ఎక్కువైందని గుర్తు.

"సార్, రెండూ పక్కపక్కవే ఎందుకు చచ్చినాయి?" అన్నాడు ఒక కుర్రాడు. అసలు ప్రశ్న అదే. బానెట్ మీది దుమ్ములో వేలితో బొమ్మ గీశాను. ఈ ఇంజను హెడ్డుకు ఇన్‌లెట్ దారులు రెండే: ముందుది 1, 2 సిలిండర్లకు, వెనకది 3, 4 సిలిండర్లకు. ఎగ్జాస్ట్ దారులు మూడు: రెండు చివర్ల సిలిండర్లకు చెరొకటి, మధ్య రెంటికీ కలిపి ఒకటి. అయిదు దారులూ ఒకే పక్క. ఇన్‌లెట్, ఎగ్జాస్ట్ రెండు మానిఫోల్డులకూ గ్యాస్కెట్ ఒకటే. కొన్ని స్టడ్ల దగ్గర ఒకే మందపాటి వాషరు రెంటి అంచులనూ కలిపి నొక్కుతుంది. కాబట్టి ఈ కారులో ఎగ్జాస్ట్ ఒక్కటే విప్పడమనేది కుదరదు. పొగదారి విప్పినవాడు గాలిదారిని కూడా కదిలించినట్టే.

ఇంజను వేడెక్కకముందే సిరంజితో కాసిని నీళ్లు వెనక ఇన్‌లెట్ అంచు మీద చిమ్మాం. వణుకు ఒక్క క్షణం సర్దుకుంది. గాలి పీలుస్తున్న చోటు దొరికింది. (కొందరు ఈ పరీక్షకు పెట్రోలు చల్లుతారు. వేడి మానిఫోల్డు మీద పెట్రోలు చల్లడం ప్రాణాలతో చెలగాటం.) విప్పి కొలిస్తే, కొత్తగా తెచ్చిన మానిఫోల్డు అంచు ఇన్‌లెట్ అంచుకంటే కొంచెం మందం. వాషరు మందపు అంచు మీదనే ఆనుతోంది, ఇన్‌లెట్ వదులుగానే ఉండిపోతోంది. వాషరును ఒక సగం ఆ తేడా మేరకు ఆకురాయితో అరగదీసి, కొత్త గ్యాస్కెట్ వేసి బిగించాం. ఇంజను ఒకసారి వేడెక్కి చల్లారాక మళ్లీ బిగించాం. నాలుగు సిలిండర్లూ పలికాయి.

టపటపలు మాత్రం పోలేదు. దాని మూలం వేరే ఉంది: మానిఫోల్డు కింద గొట్టం కలిసే చోట బిగింపు పట్టీ వంకరగా కూర్చుంది, చుట్టూ మసి. దానికి ఎగువన కారు అడుగు రేకులో తుప్పు చిల్లి. అమ్మ తలనొప్పి వచ్చిన దారి అదే. పట్టీ సరిచేసి, చిల్లికి రేకు అతికించాక కిటికీలు మూసినా ఆ తలనొప్పి మళ్లీ రాలేదు.

వెల్డింగు చేయించినప్పుడు మరికొన్ని చూసుకోవాలి. ఆర్క్ వెల్డింగుకు ముందు బ్యాటరీ తీగ విప్పకపోతే ఆల్టర్నేటరులోని డయోడ్లు దెబ్బతినవచ్చు. ఇంజనుకూ బాడీకీ మధ్య ఉండే ఎర్త్ తీగను తిరిగి బిగించడం మరచిపోతే స్టార్టరు కరెంటు చోక్ కేబుల్ గుండా దారి వెతుక్కుంటుంది. స్టార్ట్ చేస్తుంటే చోక్ కేబుల్ వేడెక్కితే అదే కారణం. గొట్టాన్ని రబ్బరు వేలాడింపులు లేకుండా నేరుగా బాడీకి కట్టేస్తే, ఇంజను బాగానే ఉన్నా కారంతా అదురుతుంది. ప్లగ్గు వైరుగానీ పెట్రోలు గొట్టంగానీ పొగగొట్టానికి ఆనుకుని ఉందేమో కూడా చూడాలి.

పెట్రోలు ఇంజెక్షన్ ఉన్న కార్లలో ఇంకో చిక్కు. వాటి పొగదారిలో ఆక్సిజన్ సెన్సర్ ఉంటుంది. పెట్రోలు పూర్తిగా మండడానికి ఒక పాలుకు 14.7 పాళ్ల గాలి, బరువు లెక్కన, కావాలి. సెన్సరుకు ముందు సందుంటే బయటి గాలి చేరి, పెట్రోలు చాలడంలేదని అది అబద్ధపు కబురు పంపుతుంది. కంప్యూటరు దాన్ని నమ్మి పెట్రోలు పెంచుతుంది. ప్లగ్గులు నల్లబడతాయి, మైలేజి పడిపోతుంది. అప్పుడు సెన్సర్ మార్చి లాభంలేదు; అది తన ముందున్నదే చెప్పింది. అలాగే పొల్యూషన్ పరీక్షలో సందుగుండా వచ్చిన గాలి పొగను పలచన చేసి, ఉన్నదానికంటే తక్కువ అంకె చూపిస్తుంది. సర్టిఫికెట్ వచ్చినంతమాత్రాన గొట్టం బిగువుగా ఉన్నట్టు కాదు.

అన్నిటికంటే ముఖ్యమైనది చివరికి చెబుతున్నాను. కార్బన్ మోనాక్సైడుకు రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్ ఆక్సిజన్‌కంటే దాన్ని 200 రెట్లకు పైగా బలంగా పట్టుకుంటుంది. తలనొప్పి, వికారం, మగత – అంతే దాని ఆనవాళ్లు. మూసిన షెడ్డులో ఇంజను నడపకండి. ప్రయాణంలో ఒకరికి మించి తలనొప్పి అంటే కారాపి, అందరినీ దింపి, గాలి తగలనివ్వండి. నిద్రమత్తనుకుని పోనిస్తే డ్రైవరుకూ అదే మత్తు వస్తుంది.

కాబట్టి మిత్రులారా, రిపేరు చేయించిన కారు ఇంటికి రాగానే అయిదు నిమిషాలు వెచ్చించండి. ఏమేమి విప్పారో అడిగి కాగితంమీద రాసుకోండి. చల్లని ఇంజనుతో ఒకసారి, వేడెక్కాక ఒకసారి చెవిపెట్టి వినండి. అతుకుల దగ్గర మసి చూడండి. తీగలు, ఎర్త్ చూడండి. తర్వాత గేజి, ఆ తర్వాతే స్పానరు. జేబులో చెయ్యి పెట్టడం అన్నిటికీ చివర.