ఒక్కటి తక్కువ కోటి ఆటలు

మొన్న ఇల్లు సర్దుతుంటే పాత వీడియో గేమ్ క్యాసెట్ ఒకటి దొరికింది. పసుపు డబ్బీ, మీద తుపాకులు పట్టిన కాంట్రా బొమ్మ, పక్కన పెద్ద అంకెలు: 9999999 ఇన్ 1. అంటే కోటికి ఒక్కటే తక్కువ! మా పిల్లలు చూసి పడిపడి నవ్వారు. నాకు బాపు గుర్తొచ్చాడు.

అప్పుడు మేం కోర్పనాలో ఉండేవాళ్లం. బాపు సిమెంటు ఫ్యాక్టరీలో కాంట్రాక్టు కింద లారీలకు బస్తాలు ఎత్తేవాడు. ఒక దసరాకు అడ్వాన్సు తీసుకుని చంద్రపూర్ గోల్‌బజార్‌లో ఆ గేమ్ కొన్నాడు. వాడకట్టు పిల్లలంతా మా ఇంట్లోనే. బొమ్మ రాకపోతే క్యాసెట్ తీసి ఊదడం, మళ్లీ పెట్టడం. ఊదితే నోటి తడికి లోపలి పిన్నులు పాడవుతాయని మాకేం తెలుసు!

బాపుకు మాత్రం అనుమానం. "కోటి ఆటలు ఇంత డబ్బీల పడతయా? లెక్కవెట్టు బిడ్డా" అన్నాడు. నోట్‌బుక్ వెనక పేజీ నుంచి రాయడం మొదలుపెట్టాను. మారియో, కాంట్రా, ట్యాంకుల ఆట, బాతుల వేట... ఆ తర్వాత మళ్లీ అవే. పేరు వేరు, లోపల అదే మారియో, కాకపోతే రెండో స్టేజీ నుంచి మొదలు. మూడు రాత్రులు కూర్చుంటే తేలింది పదకొండు.

ఆ మెషీన్ అసలుది జపాన్‌లో నింటెండో కంపెనీ 1983లో తెచ్చిన ఫామికాం. దాన్ని రూపొందించిన ఇంజినీరు మసాయుకి ఉయెమురా. మన బజార్లకు ఎక్కువగా వచ్చినవి అనుమతి లేని నకళ్లు. రష్యాలో అలాంటిదే డెండీ పేరుతో 1992లో వచ్చి ఇల్లిల్లూ చేరింది. నకలు క్యాసెట్ విప్పితే చాలావాటిలో నల్లటి జిగురు బొట్టు కనిపిస్తుంది. ఆటలున్న చిప్పు దాని కిందే.

ఇంకో సంగతి పెద్దయ్యాక తెలిసింది. మా ట్యాంకుల ఆట నామ్కో కంపెనీ 1985లో చేసిన బ్యాటిల్ సిటీ. చాలా నకళ్లలో మొదటి తెర మీద ఉండాల్సిన కంపెనీ పేరు, సంవత్సరం చెరిపేసి ఉంటాయి. చేసినవాడి పేరు ఎక్కడా కనబడదు. రిజిస్టర్లో పేరు లేకుండా ఏళ్లకేళ్లు బస్తాలు ఎత్తిన బాపు కొడుకును, ఆ బాధ నాకు ఒకరు చెప్పాలా?

పదకొండు అని తేలిన రోజు బాపు కోప్పడలేదు. కాసేపు ఊరుకుని, "రేపటి నుంచి నా బస్తాలు గూడ రాయి" అన్నాడు. ఆయనకు లెక్క వచ్చు, రాయడం రాదు. రోజూ సాయంత్రం ఆయన చెబితే నేను రాశాను. శనివారం పగార్ దగ్గర మున్షీ లెక్కలో అరవై బస్తాలు తక్కువ వచ్చాయి. బస్తాకు 50 కిలోలు, అంటే మూడు టన్నుల కష్టం. బాపు నోట్‌బుక్ ముందు పెట్టాడు. మున్షీ అటూ ఇటూ తిప్పి చూసి, మాట్లాడకుండా దిద్దాడు.

క్యాసెట్ ఇప్పుడు పనిచేయదు. నోట్‌బుక్ మాత్రం దాచుకున్నాను. మీ ఇంట్లో కూలి లెక్క ఎవరు రాస్తున్నారు? పిల్లల చేత రాయించండి.