గోడకు అరిచే కారు... కాలువకు అరవదు!

కంప్యూటరు కార్లపై డెల్టా డ్రైవర్లలో ఇష్టం సగం, గుబులు సగం

రావులపాలెం: కారును వెనక్కి తీస్తుంటే గోడ దగ్గరపడగానే కీచుకీచుమని అరుస్తుంది. మనిషి అడ్డం వచ్చినా అరుస్తుంది. కొబ్బరిచెట్టు తగలబోయినా అరుస్తుంది. అదే వెనుక ఉన్నది కాలువ అయితే మాత్రం కిక్కురుమనదు. చక్రం గట్టు దిగి జారుతున్నా దానికి పట్టదు. అడ్డం ఉన్న వస్తువును కనిపెట్టడం దానికి తెలుసు గానీ, నేల లేకపోవడాన్ని కనిపెట్టడం తెలియదు.

గోదావరి డెల్టాలో కారు నడిపి పొట్టపోసుకునే డ్రైవర్లకు కంప్యూటరు కార్ల మీద ఉన్న అభిప్రాయమంతా ఇంచుమించు ఈ ఒక్క ముక్కలోనే ఉంది. ఈ ఏర్పాట్లు చెడ్డవని వారు అనడం లేదు. ప్రాణాలు కాపాడతాయని మనస్ఫూర్తిగా ఒప్పుకుంటున్నారు. అయితే అవి ఎంతవరకు చూస్తాయో, ఎక్కడ చేతులెత్తేస్తాయో తమకు చెప్పే నాథుడు లేడన్నదే వారి బాధ.

రోజుకో బండి

కోనసీమకు ముఖద్వారమైన రావులపాలెంలోనూ, అమలాపురం, భీమవరం, తణుకు, రాజమండ్రి వంటి పట్టణాల్లోనూ ‘యాక్టింగ్ డ్రైవర్లు’గా బతుకుతున్నవారు చాలామంది ఉన్నారు. వీరికి సొంత బండి లేదు. నెల జీతమూ లేదు. కారు ఉండి డ్రైవరు లేనివారు కబురు చేస్తే వెళ్లి, హైదరాబాదుకో, తిరుపతికో, విశాఖపట్నానికో తీసుకుపోయి, రోజు కూలి పుచ్చుకుని వస్తారు. ఇవాళ పదిహేనేళ్ల నాటి పాత బండి అయితే, రేపు మొన్ననే షోరూము నుంచి దిగిన కొత్త బండి. ఒకదాని బ్రేకుకూ మరొకదాని బ్రేకుకూ పొంతన ఉండదు. ఒకదానికి తాళంచెవి తిప్పాలి, మరొకదానికి మీట నొక్కాలి. ఓనరు గారు తాళాలు చేతికిచ్చి వెనుక సీట్లో కూర్చుంటారు. బండి సంగతి అడిగే వ్యవధి గానీ, అడిగేంత చనువు గానీ డ్రైవరుకు ఉండదు.

పాత అంబాసిడర్ల కాలంలో ఈ చిక్కు లేదు. కార్బ్యురేటరు, పాయింట్లు, ప్లగ్గులు, ఫ్యాను బెల్టు ఇవీ దాని జబ్బులు. ఇంజను చప్పుడు వింటే చాలు, ఏ జబ్బో అనుభవమున్న డ్రైవరుకు తెలిసిపోయేది. దారిలో ఆగితే స్పానరు పట్టుకుని తానే బాగుచేసుకునేవాడు. 1983 డిసెంబరులో మారుతి 800 వచ్చినా పద్ధతి పెద్దగా మారలేదు. 2000 తర్వాత కార్బ్యురేటరు పోయి, పెట్రోలును కొలతవేసి చిమ్మే పని కంప్యూటరు డబ్బాకు అప్పగించారు. 2014 మేలో అంబాసిడర్ తయారీయే ఆగిపోయింది. 2020 ఏప్రిల్ 1న బీఎస్-6 నిబంధనలు దేశమంతటా అమల్లోకి రావడంతో కారు పొగ కూడా కంప్యూటరు అజమాయిషీలోకి పోయింది.

పెడలు వణికితే భయపడరాదు

కారు కంప్యూటరు చేసే మేళ్లలో మొదట చెప్పుకోవలసింది ఏబీఎస్ బ్రేకు. నాలుగు చక్రాలకూ పనిచేసే ఎలక్ట్రానిక్ ఏబీఎస్ 1978లో జర్మనీ కార్లలో మొదలైంది. మన దేశంలో 2019 ఏప్రిల్ నుంచి కొత్త కార్లన్నింటికీ తప్పనిసరి అయింది. గట్టిగా బ్రేకు వేసినప్పుడు చక్రం తిరగకుండా బిగుసుకుపోతే బండి జారుతుంది, స్టీరింగు మాట వినదు. ఏ చక్రం బిగుసుకోబోతోందో సెన్సారు చెబితే, కంప్యూటరు ఆ చక్రానికి బ్రేకును సెకనులో అనేకసార్లు వదిలి మళ్లీ పడుతుంది. ఆ సమయంలో పెడలు కాలి కింద గడగడ వణుకుతుంది.

ఇక్కడే చిక్కు వస్తోంది. పాత బండ్లలో ఒక్కసారిగా తొక్కితే జారుతుందని, విడతలు విడతలుగా తొక్కి వదలడం డ్రైవర్లు గురువుల దగ్గర నేర్చుకున్న విద్య. ఏబీఎస్ బండిలో అలా చేస్తే బండి ఆగే దూరం పెరుగుతుంది. అందులో పెడలును గట్టిగా తొక్కి అలాగే పట్టుకోవాలి. వణుకు చూసి ఏదో విరిగిందనుకుని కాలు తీస్తే ప్రమాదం. పాత బండిలో ఇదే పని చేస్తే జారుడు తప్పదు. రోజుకో బండి ఎక్కేవాడికి కాలు ఏ పద్ధతిన తొక్కాలో ఆ క్షణంలో తేల్చుకోవడం కత్తి మీద సామే అవుతోంది.

డెల్టాలో దీనికి తోడు మరొకటి ఉంది. సార్వా, దాళ్వా కోతల రోజుల్లో కల్లం చాలక రైతులు ధాన్యాన్ని రోడ్ల మీద ఆరబోస్తారు. అంచున రాళ్లు పేర్చి, రాత్రి బరకాలు కప్పుతారు. ఆ గింజల మీద బ్రేకు వేస్తే ఏ బండీ వెంటనే ఆగదు. టైరుకు నేల పట్టు లేనప్పుడు కంప్యూటరు ఆ పట్టును పుట్టించలేదు. అటువంటి చోట వేగం ముందుగానే తగ్గించడం ఒక్కటే దారి. రైతుకు వేరే చోటు లేదు, డ్రైవరుకు వేరే రోడ్డు లేదు.

గంట మోగితే డ్రైవరుకే మేలు

2019 జూలై 1 నుంచి తయారయ్యే కార్లకు వేగం గంట తప్పనిసరి చేశారు. 80 కిలోమీటర్లు దాటితే ఉండి ఉండి మోగుతుంది. 120 దాటితే ఆగకుండా మోగుతుంది. ఈ మోత విసుగు పుట్టిస్తుందని కారు యజమానులు చిరాకుపడుతుంటే, డ్రైవర్లు మాత్రం దీన్ని తమ పక్షపు సాక్షిగా భావిస్తున్నారు. వెనుక సీటు నుంచి త్వరగా పోనిమ్మని తొందరపెట్టేవారికి ఎదురు చెప్పలేని డ్రైవరు, “గంట కొడుతోందండి బాబూ” అని తప్పించుకోవచ్చు. డ్రైవరు నోటితో చెప్పలేని మాట కారు చెబుతోంది.

సీటు బెల్టు విషయమూ అంతే. బెల్టు పెట్టుకోండని ఓనరు గారికి చెప్పే ధైర్యం కూలికి వచ్చినవాడికి ఎక్కడిది? కారే అరిచి చెబుతుంది. అయితే ఆ అరుపును ఆపడానికి బెల్టు బదులు ఒక ఇనుప బిళ్లను గుచ్చే అలవాటు బయలుదేరింది. పారిశ్రామికవేత్త సైరస్ మిస్త్రీ 2022 సెప్టెంబరులో కారు ప్రమాదంలో మరణించిన తర్వాత, వెనుక సీట్లోనూ బెల్టు అవసరమన్న సంగతి దేశమంతా చర్చించుకుంది. ఇటువంటి బిళ్లల అమ్మకం ఆపాలని 2023 మేలో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ ఐదు ఆన్‌లైన్ వ్యాపార సంస్థలను ఆదేశించింది. బెల్టు లేనివాడిని గాలి సంచీ ఒక్కటే కాపాడలేదని, అది బెల్టుకు తోడు మాత్రమేనని చాలామందికి నేటికీ తెలియదు.

పసుపు నంబరు పలక ఉన్న టాక్సీ డ్రైవర్ల గోడు మరొక రకం. వారి బండికి 80 దాటకుండా కళ్లెం బిగించి ఉంటుంది. కత్తిపూడి నుంచి కాకినాడ, అమలాపురం, నరసాపురం మీదుగా పోయే 216 నంబరు జాతీయ రహదారి చాలా భాగం రెండు వరుసలదే. లారీని దాటుకుని పోతూ ఉండగా, ఎదురుగా మరో బండి కనిపించిన వేళ, వేగం అందక మధ్యలో చిక్కుకుపోతామని వారి భయం. దాటడం మొదలుపెట్టేటప్పుడే కళ్లెం సంగతి గుర్తుంచుకోవాలని అనుభవజ్ఞులు కుర్రవాళ్లకు చెబుతున్నారు.

ఎడ్లకు తెలిసింది దీనికి తెలియదు

ఇప్పుడు మరో మెట్టు పైకి పోయి, తానే బ్రేకు వేసే కార్లు, తానే స్టీరింగు సవరించే కార్లు వచ్చాయి. 2021 తర్వాత మధ్యతరగతి వారు కొనే బండ్లలో కూడా ఇవి కనిపిస్తున్నాయి. మన రాష్ట్రంలోనే పెనుకొండ వద్ద తయారవుతున్న సెల్టాస్ కారుకు 2023లో ఈ హంగులు చేర్చారు. ముందు అద్దం దగ్గర ఉన్న కెమెరా రోడ్డు మీది తెల్ల గీతలను చూస్తుంది. సిగ్నలు వేయకుండా గీత దాటబోతే స్టీరింగును మెల్లగా వెనక్కి లాగుతుంది. ముందు బండిని గుద్దబోతున్నామనిపిస్తే తానే బ్రేకు వేస్తుంది.

రాత్రి ప్రయాణంలో కునుకు పట్టిన వేళ ఇది దేవుడిలా ఆదుకుంటుందని నడిపినవారు అంటున్నారు. కానీ గుంటను తప్పించడానికో, సైకిలు మీద పోతున్న ముసలాయనకు చోటివ్వడానికో చటుక్కున స్టీరింగు తిప్పితే, అది ఎదురు లాగడం వారికి గుండె గుభేలుమనిపిస్తోంది. ఆటో అడ్డం వస్తే కారు తనంత తాను ఆగిపోతుంది. వెనుక వచ్చే కొబ్బరికాయల లారీ అంత తొందరగా ఆగలేదు. అందుకే ఊళ్లలోకి రాగానే మీట నొక్కి వీటిని ఆపేస్తున్నవారు కొందరు ఉన్నారు. ఆపేసిన సంగతి తర్వాత ఎక్కిన డ్రైవరుకు తెలియకపోతే అది మరో ప్రమాదం.

డెల్టా రోడ్ల పుట్టుక వేరు. 1847-52 మధ్య ధవళేశ్వరం వద్ద ఆనకట్ట కట్టిన తర్వాత తవ్విన కాలువల గట్లే చాలా ఊళ్లకు దారులయ్యాయి. వాటి మీద తెల్ల గీతలు ఉండవు. ఒక పక్క కాలువ, మరో పక్క చేను. ఎదురుగా బండి వస్తే ఒకరు వెనక్కి తీయాలి. ఎడ్లబండి తోలేవాడు కునికినా ఎడ్లు గట్టు దిగకుండా ఇల్లు చేర్చేవని పెద్దలు చెప్పుకుంటారు. ఎడ్లకు తెలిసిన ఆ గట్టు సంగతి లక్షలు పోసి కొన్న కారుకు తెలియదని డ్రైవర్ల చమత్కారం.

దీపం వెలిగితే నింద డ్రైవరుకే

డీజిలు కార్ల యజమానులకు మరో తలనొప్పి ఉంది. బీఎస్-6 డీజిలు బండ్లలో పొగ మసిని పట్టుకునే జల్లెడ వంటి ఫిల్టరు ఉంటుంది. కొంతసేపు ఆగకుండా నిలకడైన వేగంతో నడిపితే వేడికి ఆ మసి కాలిపోతుంది. ఊళ్లో రెండు మైళ్లు తిప్పి ఆపేసే బండిలో మసి పేరుకుపోయి దీపం వెలుగుతుంది. హైవే మీదికి తీసుకుపోయి ఇరవై నిమిషాలు నడపడమే తొలి వైద్యం. ఆ మాట డ్రైవరు చెబితే, షికారుకు సాకు వెతుకుతున్నాడని ఓనరు గారి అనుమానం.

దీపం వెలిగినప్పుడు పాత రోజుల్లోలాగా షెడ్డుకు పోతే పని జరగడం లేదు. స్టీరింగు కింద ఉన్న పదహారు సూదుల సాకెట్టుకు స్కానరు తగిలిస్తే కారు తన జబ్బును సంకేతంలో చెబుతుంది. సాధారణ స్కానర్లు చిన్న షెడ్లకు కూడా వచ్చాయి గానీ, కంపెనీ సాఫ్టువేరు లేనిదే కొన్ని పనులు సాగవు. ఇండిపెండెంటు మెకానిక్కులకు విడిభాగాలు, పరీక్ష పరికరాలు అందకుండా చేస్తున్నారంటూ 2014 ఆగస్టులో కాంపిటీషన్ కమిషన్ 14 కార్ల కంపెనీలకు దాదాపు 2,545 కోట్ల రూపాయల జరిమానా విధించింది. ఆ వ్యవహారం తర్వాత అప్పీళ్లకు వెళ్లింది. 2022 డిసెంబరులో కేంద్ర ప్రభుత్వం ‘రిపేరు హక్కు’ పేరిట ఒక పోర్టలు తెరిచింది. అందులో మోటారు వాహనాలను కూడా చేర్చారు. లంక గ్రామాల మెకానిక్కు దాకా ఆ ఫలం చేరవలసి ఉంది.

నీరు, ఎలుక డెల్టాకు పాత శత్రువులు. కారు కంప్యూటరుకూ అవే శత్రువులయ్యాయి. 2022 జూలై వరదలో ధవళేశ్వరం వద్ద 25 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు పారింది. అటువంటి వేళ మునిగిన కారును ఆత్రంగా స్టార్టు చేస్తే ఇంజనులోకి నీరు లాగి కడ్డీలు వంగిపోతాయి, వైర్లలో తడి కంప్యూటరును చెడగొడుతుంది. సెల్ఫు కొట్టకుండా బ్యాటరీ తీగ ఊడదీసి, తాడుతో లాగించుకుపోవడమే క్షేమం. కోతలయ్యాక చేలల్లోని ఎలుకలు ఇళ్లలోకి చేరి బానెట్టులో కాపురం పెట్టి వైర్లు కొరుకుతాయి. ఒక్క సెన్సారు తీగ తెగినా బండి కదలకపోవచ్చు. బానెట్టులో పొగాకు కాడలు కట్టి కాపాడుకుంటున్నవారూ ఉన్నారు.

కావలసింది ఒక్క గంట

కారు ఎంత తెలివి మీరినా, ప్రమాదం జరిగితే కోర్టు బోనులో నిలబడేది డ్రైవరే. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షన్ ప్రకారం, నిర్లక్ష్యంతో ఒకరి మరణానికి కారకుడైతే ఐదేళ్ల వరకు శిక్ష పడవచ్చు. పాత చట్టంలో ఇది రెండేళ్లే. శిక్ష పెరిగింది, బండి మారింది, నేర్పడం మాత్రం పాత పద్ధతిలోనే ఉండిపోయిందని డ్రైవర్లు వాపోతున్నారు.

వారు కోరుతున్నది పెద్ద కోరికేమీ కాదు. కొత్త కారు అప్పగించేటప్పుడు షోరూము వారు యజమానికి పూలగుచ్ఛం ఇచ్చి ఫొటో తీసి పంపడంతో సరిపెట్టకుండా, నడిపే మనిషిని కూర్చోబెట్టి ఒక గంటసేపు అన్నీ విప్పి చెప్పాలి. యజమానులు యాక్టింగ్ డ్రైవరుకు తాళాలు ఇచ్చేటప్పుడు బండిలో ఏ ఏర్పాటు ఉన్నదో, దేన్ని ఆపేశారో చెప్పాలి. రవాణా శాఖ వారు ఏటా జరిపే రోడ్డు భద్రతా కార్యక్రమాల్లో ఖాళీ మైదానంలో ఏబీఎస్ బ్రేకు తొక్కించి చూపాలి. ఐటీఐల్లో మోటారు మెకానిక్కు కోర్సు చదివే పిల్లలకు నేర్పుతున్న స్కానరు పనిని సాయంకాలం వేళల్లో పాత మెకానిక్కులకూ నేర్పాలి. నీటిపారుదల, పంచాయతీరాజ్ శాఖల వారు మలుపుల్లోనైనా కాలువ గట్లకు రక్షణ రాళ్లు నాటాలి.

అంతవరకు గట్టు రోడ్డు మీద కారు వెనక్కి తీయవలసి వస్తే తెరను నమ్మి కూర్చోకుండా, ఒక మనిషిని కిందికి దింపి, “రా, రా... ఇక చాలు” అని చెప్పించుకోవడమే మంచిదని అనుభవజ్ఞులైన డ్రైవర్లు హెచ్చరిస్తున్నారు.