రెండు రంగుల ఉన్నిటోపి



ధనుర్మాసమున తెల్లవారుజామున మండపేట కాలువగట్లపై మంచు దిగునప్పుడు మనలో కొందఱు తలకు తువాలు చుట్టుకొందురు. కొందఱు ఉన్నిటోపి పెట్టుకొందురు. అట్టి టోపిని రెండు రంగుల ఊలుతో, పూలు తేలునట్లు ఇంటియందే అల్లుకొను విధమును నేడు విన్నవించెదను. అల్లునది మీ కోడలు కావచ్చును, మనుమరాలు కావచ్చును. అయినను అందలి శ్రమ యెట్టిదో ఇంటి పెద్ద యెఱిగియుండుట మంచిది.

మొదట కొలత. తల చుట్టుకొలత 22 అంగుళములైనచో టోపి 20 అంగుళములు చాలును, అల్లిక సాగును. అనుకొన్న ఊలుతో, అనుకొన్న సూదులతో, రెండు రంగులను కలిపి చిన్న ముక్క అల్లి, అంగుళమునకు ఎన్ని కుట్లు వచ్చినవో లెక్కింపవలెను. 5 వచ్చినచో చుట్టునకు 100 కుట్లు. ఈ ముక్క దండుగ యని తలపరాదు. అంగుళమునకు ఒక్క కుట్టు హెచ్చినను తగ్గినను టోపి చుట్టులో మూడు మొదలు అయిదు అంగుళముల వఱకు తేడా వచ్చును.

రెండు కొనలును మొనలుగా గల సూదులు అయిదు కావలెను. నాలుగింటిపై 25 చొప్పున కుట్లుంచి, మెలిపడకుండ వలయముగా కలిపి, అయిదవదానితో అల్లవలెను. రెండు కుట్లు సాదాగను, రెండు తిరగవేసియు రెండంగుళముల అంచు అల్లినచో తలను పట్టియుండును.

అటుపై రంగు. ఒకటి ముదురు, ఒకటి లేత కావలెను. నమూనాను గళ్లకాగితముపై గీసికొనవలెను. ఒక గడి ఒక కుట్టు. చుక్కల ముగ్గు పెట్టు చేతికి ఈ లెక్క కొత్త గాదు. 4 గళ్ల నమూనా యైనచో 100 కుట్లలో సరిగా 25 మార్లు వచ్చును. స్కాట్లండునకు ఉత్తరముననున్న ఫెయిర్ అను చిన్న దీవి పేర ఈ అల్లిక లోకప్రసిద్ధము. మొత్తము మీద ఎన్ని రంగులున్నను, ఒక చుట్టులో రెండు దారములే వాడుట అచటి సంప్రదాయము.

ఇక అసలు కిటుకు. ఒక రంగు అల్లుచుండగా రెండవ దారము లోపలివైపున ఊరక సాగివచ్చును. మన ఉప్పాడ జాందానీలో పూవు దారము పూవు హద్దులోనే మఱలును. అందుచే చీర రెండువైపులను ఒకే తీరుగ నుండును. టోపిలో నట్లు కాదు. దారము చుట్టంతయు తిరుగును. దానిని బిగలాగినచో పైకి పూలు చక్కగా నున్నను టోపి ముడుచుకొని తలకెక్కదు. మొదటిసారి అల్లువారు చేయు పొరపాటు తఱచుగా ఇదియే. కావున రంగు మార్చునపుడెల్ల సూదిపైనున్న కుట్లను కొంచెము విడదీసి పఱచి, లోపలి దారమును వదులుగా విడువవలెను. అది అంగుళమునకు మించి సాగవలసినచో నడుమ నొకసారి పనిచేయు దారముతో మెలివేయవలెను. లేనిచో వ్రేళ్లు తగులుకొనును.

ఆఱంగుళములు అల్లిన పిమ్మట ప్రతి పది కుట్లలో చివరి రెంటిని ఒకటిగా అల్లవలెను. 100 కుట్లు 90 అగును. ఒక చుట్టు సాదాగా అల్లి, తరువాతి చుట్టులో మఱల పది తగ్గింపవలెను. ఇట్లు పదింటికి వచ్చినపుడు దారము త్రెంచి, ఆ పదింటిలో దూర్చి బిగింపవలెను.

లెక్కించినచో ఒక టోపికి నాలుగు వేలకు మించిన కుట్లు పడును. వసిష్ఠ గోదావరి యొడ్డున నరసాపురపు లేసును గూర్చి 1982లో మరియా మీస్ అను జర్మను పండితురాలు గ్రంథము ప్రకటించెను. గంటల తరబడి లేసు అల్లు స్త్రీలను కేవలము గృహిణులనియు, వారి పనిని తీరికవేళ వ్యాపకమనియు ఎంచుటచే వారి కూలి అడుగంటినదని ఆమె చూపెను. 2024లో ఆ లేసు భౌగోళిక గుర్తింపు పొందినది. పేరు వచ్చినది, కూలి లెక్క వేయుట మాత్రము కొనువారి చేతిలోను, ఇంటివారి చేతిలోను ఉన్నది.

కావున ఎవరైన మీకు చేతి అల్లిక టోపి అమ్మజూపినచో, బేరమునకు ముందు దానిని తిరగవేసి లోపలివైపు చూడుడు. దారములు వదులుగా, వరుసగా నున్నచో అది నేర్పుగల చేతి పని. అడిగిన వెల ఇచ్చి తీసికొనుడు.