కాంథా కుట్టు – మన బొంత

‘బొంత’ అనగానే మనకు స్ఫురించేవి చిరిగిన చీరలు, అతుకులు, లేమి. అందువలననే కాబోలు, మన అమ్మమ్మలు, నాయనమ్మలు కుట్టిన బొంతలలో ఒక్కదానినైనా భద్రపరచాలన్న ఆలోచన మనకు కలుగలేదు. వంగదేశంలో అదే వస్తువు ‘కాంథా’ పేరుతో కళాఖండమై నిలిచింది. సంస్కృతంలో ‘కంథ’ అన్నా బొంతయే.

ఈ భేదానికి గురుసదయ్ దత్ (1882–1941) కొంత కారకులు. ఐ.సి.ఎస్. అధికారిగా బెంగాల్ జిల్లాలలో పనిచేస్తూ ఆయన పల్లెపడుచుల చేతిపనులను సేకరించారు. ఆ సేకరణతో కోల్‌కతా శివార్లలోని జోకాలో 1963లో ప్రదర్శనశాల వెలసింది. అందులో మానదాసుందరి దాసి తన తండ్రి కొరకు కుట్టిన కాంథా సుప్రసిద్ధం. సిపాయిలు, దొరలు మొదలైన బొమ్మల నడుమ ఆమె తన పేరును సైతం సూదితోనే వ్రాసింది. మన బొంతలపై ఏ పేరూ లేదు.

కాంథాలో గుడ్డను ముక్కలు చేయరు. వాడి వాడి మెత్తబడిన నూలుచీరలను, ధోవతులను పొరలుగా పరచి, ముడతలు లేకుండా సరిచేసి, ముందుగా పెద్ద పెద్ద కుట్లతో బిగిస్తారు. నడుమ పద్మం, నాలుగు మూలలా చెట్లో తీగలో కుట్టి, మిగిలిన జాగానంతా సన్నని వరుసలతో నింపుతారు. రంగుదారం పాత చీర అంచునుండి లాగినదే. చలికి కప్పుకొనే మందపాటిది ‘లేప్’, పరుపుపై పరచేది ‘సుజని’, అద్దమూ దువ్వెనా చుట్టిపెట్టేది ‘ఆర్శిలత’.

ఇంజనీర్లమైన మాకు ఆ సన్నని వరుసలే ఎక్కువ నచ్చాయి. పైకీ కిందికీ దూసుకుపోయే అతి సామాన్యమైన కుట్టు అది. అయినా పొరలు ఒకదానిపై ఒకటి జారకుండా పట్టి ఉంచేది అదే. దారాన్ని కొద్దిగా బిగించినందున గుడ్డపై అలలు లేస్తాయి. పొరల మధ్య గాలి నిలిచి వెచ్చదనమిస్తుంది. ఒకచోట దారం తెగినా ప్రక్క వరుసలు భారం మోస్తాయి. ఇక్కడ అలంకారమూ నిర్మాణమూ ఒకటే.

మా టౌన్‌షిప్ మహిళలు కొందరు ఇటీవల దీనిని మన అతుకుల పద్ధతితో జోడించి చూశారు. పాత మంగళగిరి, వెంకటగిరి చీరలను చదరాలుగా కత్తిరించి, జతచేసి, పైన కాంథా వరుసలు కుట్టారు. కత్తిరించడానికి ముందే గుడ్డలన్నిటినీ ఉతికి ఆరవేయాలి. ఒక్కొక్క నూలు ఒక్కొక్క తీరున కుంచించుకుపోతుంది. నేతపోగు వెంట కత్తిరించాలి. ఏటవాలుగా కోసిన అంచు సాగుతుంది. ఇక కొలత మాట. చదరానికి 2 మిల్లీమీటర్ల తేడా వస్తే పది చదరాల వరుసలో అది 20 మిల్లీమీటర్లు! మా వర్క్‌షాపులో ఎవరికీ చెప్పనక్కరలేని సంగతి ఇది. వారు అట్టముక్కతో ఒక కొలతఅచ్చు చేసుకుని ఆ చిక్కును తప్పించారు.

కోల్‌కతా దుకాణాలలో నేడు కాంథా పేరిట విరివిగా అమ్ముడయ్యేది ఒంటిపొర పట్టుచీరపై చేసిన కుట్టుపని. చూడ ముచ్చటగానే ఉంటుంది. అయితే పట్టి ఉంచవలసిన పొరలే లేనప్పుడు ఆ కుట్టుకు పని ఏమున్నదని మా సందేహం. దానివల్ల ఎందరో స్త్రీలకు జీవనోపాధి కలుగుతున్నదన్నది మాత్రం కాదనలేము. దక్షిణ 24 పరగణాల జిల్లా సోనార్‌పూర్‌కు చెందిన ప్రీతికణ గోస్వామికి 2023లోను, తక్దీరా బేగంకు 2024లోను ఈ కళకే పద్మశ్రీ లభించింది.

ఇంతకంటె చిక్కు అచ్చువేసిన నకళ్లతోను, యంత్రపు కుట్టుతోను వచ్చింది. నెలల తరబడి కుట్టిన చీర ప్రక్కనే అవి తక్కువ వెలకు దొరుకుతాయి. కొనేవారు గుడ్డను తిరగవేసి చూడాలి. అచ్చు గుడ్డకు వెనుక కుట్టే ఉండదు. యంత్రపు కుట్టులో పైదారం, అడుగుదారం వేరువేరు. కుట్లన్నీ ఒకే పొడవు. చేతికుట్టులో ఒకే దారం ఇరువైపులా కనిపిస్తుంది, కుట్ల పొడవులో స్వల్పమైన హెచ్చుతగ్గులుంటాయి. ఆ హెచ్చుతగ్గులకే మనం ఎక్కువ వెల చెల్లిస్తున్నాము.